ఈడిపస్ పితృహత్య - బౌద్ధ కర్మవిచారము

గ్రీకు విషాదాంత నాటకములను బౌద్ధదృష్టితో పరిశీలింపబూనినవారికి మొదట తోచునది అవిద్య. అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రమున పేర్కొనిన 'హమార్షియా'ను అవిద్యతో సమానము చేసి, సోఫోక్లిస్ రచించిన 'ఈడిపస్ రాజు'నకు ప్రతీత్యసముత్పాదమును అన్వయించుట సులభము. ఆ సౌలభ్యమే మాకు సందేహము కలిగించుచున్నది. బౌద్ధులు చెప్పు అవిద్య సంసారబద్ధులందఱికిని సమానము. ఈడిపస్ ఎఱుగనిది తన తల్లిదండ్రులెవరను విషయము మాత్రమే. కావున చేతనను, అనగా కర్మమునకు మూలమైన సంకల్పమును, ప్రమాణముగా గైకొనుట యుక్తమని తలంచుచున్నాము.

నాటకమున జరిగినదేమి? తండ్రిని చంపి తల్లిని వివాహమాడుదువని డెల్ఫిలో దైవవాణి వినిన యువకుడు కోరింథునకు మరలిపోక వేఱుదారి పట్టెను. ముక్కూడలియొద్ద రథమొకటి ఎదురైనది. త్రోవనుండి తన్ను నెట్టివేయబోయిన సారథిని ఈతడు కోపించి కొట్టెను. రథములోని వృద్ధుడు ములుకోలతో ఈతని నెత్తిపై మోదెను. ఈతడు చేతికఱ్ఱతో ఆ వృద్ధుని పడగొట్టి చంపెను. ఆ వృద్ధుడే లాయస్, ఈతని తండ్రి.

పితృహత్య బౌద్ధమున పంచానంతర్యములలో నొకటి. అజాతశత్రువు కథ యిచ్చట స్మరణీయమే. కాని అతడు బింబిసారుని ఎఱిగియే చంపించెను. ఎఱుగక చంపినవాని మాట యేమి? ఈ ప్రశ్నకు బౌద్ధులలో ఏకవాక్యత లేదు. మేకను చంపుచున్నానని తలంచి, అచ్చట పరుండిన తండ్రిని చంపినవానికిని ఆనంతర్యము తప్పదని పాలి అట్ఠకథల మతము. దోమను కొట్టబోయి తండ్రిని చంపిన రజకపుత్రునికి ఆ దోషము లేదని వసుబంధుని అభిధర్మకోశభాష్యము.

ఆశ్చర్యమేమనగా, ఈ రెండు పక్షములును సోఫోక్లిస్‌లోనే కలవు. మొదటి నాటకమున ఈడిపస్ తన కన్నులు తానే పొడుచుకొనును. కవి మరణానంతరము క్రీ. పూ. 401లో ప్రదర్శితమైన 'కొలోనస్‌లో ఈడిపస్' నందు, కొట్టినవారిని తిరిగి కొట్టితిని, ఎఱుగక చేసితిని, కాన నిర్దోషినని వాదించును. వసుబంధుని మతమున ఈ వాదము సగమే నిలుచును. పితృహత్య లేకున్నను ప్రాణాతిపాతము మిగిలియే యున్నది. ఎదుటివాడు మనుష్యుడని ఎఱిగియే, ద్వేషముతో కొట్టెను గదా!

మాకు ముఖ్యముగా తోచునది ఈ ద్వేషమే. ముక్కూడలినాటి కోపము వార్ధక్యమునను చల్లాఱలేదు. తన కుమారు లిరువురును ఒకరి చేత నొకరు చత్తురని కొలోనస్‌లో అతడు శపించును. అట్టివానినే తుదకు దేవతలు పిలుచుకొందురు. అతడు గతించిన చోటు ఏథెన్సునకు రక్షయగును. వైరము శమింపనివానికి ఈ పవిత్రత యెట్లు సిద్ధించెనో చెప్పుటకు బౌద్ధపరిభాష చాలదు.