‘జపాన్ మాల్’: కిస్సా ఎంత, హకీకత్ ఎంత?

కర్నూలు పాతబస్తీ నుంచి కడప దాకా ఏ మెకానిక్ షెడ్డు ముందు నిలబడినా, యమహా ఆర్‌ఎక్స్ 100 గురించి రెండు కిస్సాలు నా చెవిన పడుతుంటాయి. ఒకటి, అది అసలు రేసింగ్ ఇంజన్, జపాన్ మాల్ కాబట్టే ఆ దౌడు. రెండు, సైలెన్సర్ కోసి లోపల ఖాళీ చేస్తే ఇంకా లేస్తుంది. ఈ రెండూ నమ్మి మన నౌజవాన్లు పాత సామానుకు వేలు పోస్తున్నారు. అమ్మీఅబ్బాలకు చెప్పడం లేదు గానీ, ఆ పైసలు ఇంటివే కదా!

మొదటి కిస్సాలో సగమే సచ్. 1985లో ఎస్కార్ట్స్ వాళ్లు ఈ బండి తెచ్చినప్పుడు తొలి బళ్లకు జపాన్ నుంచి వచ్చిన విడిభాగాలు బిగించారు. తర్వాత మన దేశపు సామాను పెరుగుతూ వచ్చింది. 1996లో తయారీ ఆగింది. రేసుల్లో పరిగెత్తిన మాట నిజమే గానీ, పుట్టుక మాత్రం రేసింగ్ ఇంజన్ కాదు. 98 సీసీ, 11 హార్స్‌పవర్, రోజూ పనికి పోయే బండి. బరువు తక్కువ కాబట్టే ఆ చురుకు.

రెండో కిస్సా పూరా తలకిందులు. టూ స్ట్రోక్ ఇంజన్‌లో పొగ పోయే దారికి వాల్వు ఉండదు. పొగతో పాటు కాలని పెట్రోలు కూడా కొంత జారిపోతుంది. సైలెన్సర్ లోపల వెడల్పై మళ్లీ సన్నబడే చోట ఒత్తిడి అల తగిలి వెనక్కి తిరిగి, జారినదాన్ని సిలిండర్‌లోకి తోస్తుంది. అంటే సైలెన్సరూ ఇంజన్‌లో భాగమే. కోస్తే పెరిగేది ఆవాజ్, తాకత్ కాదు.

తమాషా ఏమిటంటే, ఈ హునర్ జపాన్‌లో పుట్టిందీ కాదు. 1950లలో తూర్పు జర్మనీ ఎమ్‌జెడ్ కార్ఖానాలో వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు దీనికి పదును పెట్టాడు. 1961లో ఆ కంపెనీ రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్ రేసు నుంచి పారిపోయి సుజుకీలో చేరాడు. రాజ్ కూడా అతని వెంటే పోయింది. 1962లో సుజుకీ బండి మీద 50 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచాడు.

కాబట్టి బేటా, పాత బ్లాకు కొనేటప్పుడు ‘జపాన్’ ముద్ర చూసి మురిసిపోకు. ఉస్తాద్ చేత బోరు కొలిపించు. కొత్తదైతే 50 మిల్లీమీటర్లు. అంతకు మించి ఉంటే అది ఎంత అరిగిందో, ఎన్నిసార్లు బోరింగ్ పడిందో ఆ కొలతే చెబుతుంది. ముద్ర ఎవరైనా కొట్టగలరు, కొలత ఝూట్ చెప్పదు.