ఉప్పు జాడీ వెనక కథ



మా చిలకలూరిపేటలో కొరివికారం పెట్టే రోజున మా నాయనమ్మ, కింద పడిన ఉప్పురాయిని కూడా ఏరి జాడీలో వేసేది. "దీనికి సుంకం కట్టాం అమ్మడూ" అనేది. ఏ కొట్లో అడిగినా ఉప్పు దొరికే రోజుల్లో పెరిగినదాన్ని, అది పిసినారితనమనుకున్నాను. ఆ మాట వెనక ఎంత కథ ఉందో తర్వాత చదివితేగాని తెలియలేదు.

మన ప్రాంతానికి దగ్గర్లో ఉప్పు పండే చోటు చినగంజాం. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. పంచదార పాకం చల్లారితే పలుకులు కట్టినట్టు ఉప్పునీరు కట్టదు. వేడినీళ్ళలోనైనా చన్నీళ్ళలోనైనా ఉప్పు దాదాపు ఒకేలా కరుగుతుంది. అందుకే మడుల్లో నీరు పెట్టి, ఎండకు ఇగిరిపోయేదాకా కాచుకోవాలి. చివర మిగిలే చేదు నీళ్ళు తీసెయ్యాలి. వాటిలోని మెగ్నీషియం లవణం ఉండిపోతే శ్రావణమాసంలో జాడీలో ఉప్పు నీరు కారుతుంది. మనమేమో కొట్టువాణ్ణి తిడతాం!

ఆ ఉప్పే పండుమిరపకాయల్లోని నీటిని బయటికి లాగుతుంది. కుళ్ళబెట్టే సూక్ష్మజీవుల్లోని నీటినీ లాగేస్తుంది. పచ్చడి ఏడాది నిలవ ఉండేది అందుకే.

సముద్రం ఇచ్చే ఈ సరుకు మీద 1805లోనే మద్రాసు ప్రభుత్వం గుత్తాధికారం పెట్టింది. 1923లో, శాసనసభ వద్దన్నా, వైస్రాయి సుంకాన్ని రెట్టింపు చేసి, 37 కిలోల మణుగుకు రెండున్నర రూపాయలు చేశాడు. లెక్కవేస్తే కిలోకి అణా పైచిలుకు సుంకమే. ఉప్పు ధర వేరే! మరుసటి ఏడే తగ్గించారనుకోండి, కాని తీసెయ్యలేదు. మేడలో ఉండేవారికి అణా లెక్క కాదు. కూలివారింట్లో గంజికీ పచ్చిమిరపకాయకూ తోడు ఆ ఉప్పే. ఎండన చెమటోడ్చేవారికి ఇంకాస్త ఎక్కువే కావాలి. పైగా గొడ్లకూ పెట్టాలి. ఇంటి ఖర్చు చూసుకునే ఆడదానికి ఆ సుంకం ఎంత బరువో చెప్పాలా?

1930 ఏప్రిల్ 6న గాంధీగారు దండిలో ఉప్పు తీశారు. మన వైపు ఒంగోలు దగ్గరి దేవరంపాడు సత్యాగ్రహ శిబిరంగా పేరు పొందింది. గుంటూరులో శారదానికేతనం నడిపిన ఉన్నవ లక్ష్మీబాయమ్మగారు, మద్రాసులో దుర్గాబాయిగారు ఇల్లు కదిలి జైళ్ళకు వెళ్ళారు. 1931 మార్చి ఒడంబడికతో, ఉప్పు దొరికే ఊళ్ళవారు ఇంటి వాడకానికి తీసుకోవచ్చన్నారు. ఉప్పునేల లేని మనలాంటి ఊళ్ళకు దానివల్ల ఒరిగిందేమీ లేదు. కొట్టే గతి, సుంకమూ తప్పలేదు. అది పూర్తిగా రద్దయింది 1947 ఏప్రిల్‌లో.

ఇప్పుడు కూరకు అయోడిన్ ఉప్పే వాడుతున్నాను. గొంతువాపు రాకుండా దాని అవసరం ఉంది, మూత బిగించి పెట్టుకోండి. కొరివికారానికి మాత్రం రాళ్ళ ఉప్పే తెప్పిస్తాను. మొన్న దంచుతుంటే నాలుగు రాళ్ళు ఎగిరిపడ్డాయి. మా అమ్మాయి చీపురు తెచ్చింది. నేను వంగి ఏరుకున్నాను.