భద్రాచలం మన్యం: నదులు, సరిహద్దులు

కొత్తగూడెం అడవుల నుంచి గోదావరి అవతలి పాపికొండల దాకా పరుచుకున్న సీమ భద్రాచలం మన్యం. జనం నోట ఏజెన్సీ. కోయలు, కొండరెడ్లు ఇక్కడి పాత నివాసులు. వాగులన్నీ చివరికి గోదావరికే చేరతాయి. ములుగు అడవుల్లో పుట్టిన కిన్నెరసాని కుడి ఒడ్డున బూర్గంపాడు దగ్గర, ఛత్తీస్‌గఢ్ నుంచి దిగే తాలిపేరు ఎడమ ఒడ్డున చర్ల ప్రాంతంలో కలుస్తాయి. వీటన్నిటికంటే పెద్దది శబరి. ఒడిశాలోని కోరాపుట్ కొండల్లో కొలాబ్ పేరుతో బయల్దేరి, దారిలో సీలేరును కలుపుకొని, కూనవరం వద్ద గోదావరిలో పడుతుంది.

ఆ సంగమానికి దిగువన గోదావరి తూర్పు కనుమలను కోసుకుంటూ పాపికొండల ఇరుకులో దూరుతుంది. అంత నీటికి ఆ సందు చాలదు కాబట్టి ఇక్కడి వరద త్వరగా లాగదు. శబరికీ అదే సమయంలో పోటు వస్తే ఏరులు వెనక్కి తన్ని, చింతూరు వైపు రోడ్లు మునుగుతాయి. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 53 అడుగులకు మూడోది. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది.

నది స్థిరంగానే ఉంది, ఏలుబడే చేతులు మారింది. 1860లో నిజాం ఎడమ ఒడ్డు తాలూకాలను బ్రిటిష్ వారికి వదులుకున్నాడు. మధ్య భారతం నుంచి పత్తిని పడవల మీద సముద్రానికి దించాలన్నది ఆర్థర్ కాటన్ పథకం. అందుకోసమే దుమ్ముగూడెం రాళ్ల దగ్గర ఆనకట్ట, లాకులు కట్టారు. ఎగువన ఇంకో రెండు రాతి అడ్డంకులు మిగిలి ఉండగానే, 1871లో పని ఆపేశారు. 1874లో భద్రాచలం సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు కిందికి వచ్చింది. కొత్త దొరతనం పోడు సాగుపై ఆంక్షలు బిగించింది. 1879 రంప పితూరీ (మన్యం తిరుగుబాటు) ఈ తాలూకాలోని రేకపల్లికి పాకడానికి అదొక బలమైన కారణం.

1959లో తూర్పు గోదావరి నుంచి విడదీసి భద్రాచలం తాలూకాను కుడి ఒడ్డున ఉన్న ఖమ్మం జిల్లాలో కలిపారు. 1965లో గోదావరిపై వంతెన వచ్చాకే ఆ కలయికకు అర్థం ఏర్పడిందనాలి. 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో మిగిలింది. రామాలయం ఒక రాష్ట్రంలో, పురుషోత్తపట్నంలోని దాని భూములు మరో రాష్ట్రంలో పడ్డాయి. దుమ్ముగూడెం వెళ్లే రోడ్డు కూడా మధ్యలో ఆంధ్రప్రదేశ్ ఊళ్లను తాకుతుంది. ఎటపాక, కన్నాయిగూడెం, పిచుకలపాడు, పురుషోత్తపట్నం, గుండాల పంచాయతీలను తిరిగి ఇవ్వాలని తెలంగాణ అడుగుతోంది.