నాలుగు బేకన్ ముక్కలు, ఒక ఉప్పు చేప: మిగులు కూర వెనకున్న చరిత్ర

ఈరోజు ఎపిసోడ్ ఒక ఫోన్ కాల్‌తో మొదలైంది. మా చుట్టాల తమ్ముడు ఒకడు మేనకూరు సెజ్‌లో పని చేస్తాడు. నాయుడుపేటలో ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి రూమ్‌లో ఉంటాడు. మొన్న రాత్రి ఫోన్ చేసి, "అన్నా, మద్రాసు పోయినప్పుడు సరదాగా బేకన్ ప్యాకెట్ కొన్నాం. నాలుగు ముక్కలు మిగిలినాయి. ఫ్రిజ్‌లో సగం క్యాబేజీ, రెండు క్యారెట్లు, రాత్రి అన్నం ఉన్నాయి. నెలాఖరు కదా, జేబులో ఏం లేదు. ముగ్గురికి సరిపోవాలి. ఏం చేయమంటావు?" అన్నాడు.

నేను నవ్వి, "రేయ్, దీనికి జవాబు మీ అవ్వకి తెలుసు" అన్నాను. వాడు, "అవ్వ జన్మలో బేకన్ చూడలేదు కదన్నా" అన్నాడు. నిజమే, చూడలేదు. కానీ ఉప్పు చేపని చూసింది. ఈరోజు కథంతా అదే.

ముందు బేకన్ అంటే ఏంటో చూద్దాం. పంది మాంసానికి, ముఖ్యంగా పొట్ట భాగానికి, ఉప్పు పట్టించి, కొన్నిసార్లు పొగ కూడా పెట్టి నిలవ చేసింది. యూరప్‌లో పేద రైతు ఇంట్లో రోజూ మాంసం ఉండేది కాదు. పందిని కోసినప్పుడు ఉప్పేసి దాచుకునేవాళ్లు. తర్వాత నెలల తరబడి ఒక చిన్న ముక్క కోసి, కుండ నిండా క్యాబేజీతోనో బఠాణీలతోనో ఉడికించుకునేవాళ్లు. కడుపు నింపేది కూరగాయ. రుచి, కొవ్వు, ఉప్పు ఇచ్చేది ఆ ముక్క.

ఇప్పుడు మన వైపు రండి. నాయుడుపేట స్వర్ణముఖి ఒడ్డున ఉంది. కాస్త తూర్పుకి, దక్షిణానికి పోతే పులికాట్ సరస్సు, అది దాటితే సముద్రం. 2022 ఏప్రిల్ 4 నుంచి మనం తిరుపతి జిల్లా. కానీ అంతకుముందు నెల్లూరు జిల్లానే కదా, మన వంటింటికి ఆ సముద్రపు వాసన ఇంకా పోలేదు. వల నిండా చేప పడిన రోజు తినగా, అమ్మగా మిగిలింది ఏం చేయాలి? ఐస్ లేదు, ఫ్రిజ్ లేదు. ఉప్పు పట్టించి ఎండబెట్టాలి. నెత్తళ్లు, ఎండు రొయ్యలు, ఉప్పు చేప ముక్కలు, అన్నీ అట్లా వచ్చినవే. బేకన్ పంది మాంసపు మిగులు అయితే, ఇది సముద్రపు మిగులు అన్నమాట.

వాడుకునే పద్ధతి కూడా అదే చూడండి. మా అవ్వ నాలుగు ఉప్పు చేప ముక్కలు కడిగి, చట్టిలో నాలుగైదు వంకాయలు, ఒక మునక్కాయ, దోసకాయ ఉంటే అదీ వేసి, చింతపండు పులుసు పోసేది. ఇంటికి ఎనిమిది మందిమి. చేప ముక్క ఎవరికి పడిందో ఎవరికి పడలేదో గానీ, ప్రతి వంకాయలో చేప రుచి ఉండేది. ఆ పులుసు రెండో రోజు ఇంకా బాగుంటుంది, ఈ మాట నెల్లూరు వైపు ఎవర్ని అడిగినా చెప్తారు. పొద్దున్నే సద్దన్నంలోకి చట్టి అడుగున ఉన్న చిక్కటి పులుసు, నంజుకోడానికి ఒక ఉల్లిపాయ. అసలు ఇంట్లో పారేసే మాటే లేదు. కూరగాయలు ఎక్కువ కాసినప్పుడు కూడా అంతే, వంకాయ, గోరుచిక్కుడు కోసి ఎండలో పోసి వరుగులు చేసేవాళ్లు.

సరే, ఇంతవరకు అందరికీ తెలిసిందే. అసలు ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది. ఈ పొదుపంతా దేని మీద నిలబడింది? ఎండ ఫ్రీ. చేప ఉంది. కూరగాయ పెరట్లో ఉంది. మిగిలింది ఉప్పు. చేప నిలవ చేయాలంటే చిటికెడు ఉప్పు చాలదు. మూడు నాలుగు కిలోల చేపకి కిలో దాకా పట్టొచ్చు. మరి ఆ ఉప్పు ఎవరి చేతిలో ఉండేది?

1805లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు మీద గుత్తాధిపత్యం తెచ్చింది. మన ప్రాంతం అప్పుడు దాని కిందే ఉంది. కళ్లముందే సముద్రం, కళ్లముందే ఉప్పు పేరుకున్న నేల. కానీ సొంతంగా ఉప్పు చేసుకుంటే నేరం. సర్కారు దగ్గరే, సర్కారు చెప్పిన ధరకే కొనాలి.

తర్వాత 1876 నుంచి 78 దాకా మహా కరువు. నెల్లూరు జిల్లా కూడా ఆ దెబ్బ తిన్నదే. కరువు పనులకి వచ్చినవాళ్లకి కూలి ఎంత ఇవ్వాలో తేల్చడానికి సర్ రిచర్డ్ టెంపుల్‌ని పంపారు. 1877 మొదట్లో ఆయన పెట్టిన లెక్క: పని చేసే మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, దాని మీద ఒక అణా. అప్పుడు మద్రాసు శానిటరీ కమిషనర్‌గా ఉన్న డాక్టర్ కార్నిష్ దీన్ని గట్టిగా ఎదిరించాడు. గింజ ఒక్కటే పెడితే మనిషి బతకడు, పప్పు కావాలి, కూరగాయలు కావాలి, మాంసకృత్తులు కావాలి అని వాదించాడు. కొన్ని నెలలకి మద్రాసు ప్రభుత్వం కూలి పెంచింది. గమనించండి, డాక్టర్ కార్నిష్ కాగితాల మీద రాసింది మన అవ్వ చట్టిలో ఉన్నదే: అన్నం, కూరగాయ, ఒక చేప ముక్క.

అదే కరువు ఇంకా పోకముందే మద్రాసులో ఉప్పు పన్ను పెంచారు. మణుగుకి, అంటే అప్పటి సర్కారు లెక్కలో సుమారు 37 కిలోలకి, 1 రూపాయి 13 అణాలు ఉన్నది రెండున్నర రూపాయలు అయింది. రూపాయికి 16 అణాలు అని గుర్తుపెట్టుకోండి. ధనవంతుడికి ఇది లెక్కలోకి రాదు. చేప నిలవ చేసుకునే వాడికి మాత్రం ఇది నేరుగా కంచంలోంచి తీసుకోవడమే.

దీని వల్ల ఏం జరుగుతుందో సర్కారు మనిషే చెప్పాడు. ఫ్రాన్సిస్ డే అని చేపల మీద పెద్ద పండితుడు. 1873లో ఇచ్చిన నివేదికలో ఉప్పు ధర వల్ల చేప నిలవ చేసే పని దెబ్బ తింటోందని చూపించాడు. ఉప్పు కొనలేకపోతే ఏమవుతుంది? సగం ఉప్పుతో, ఉప్పు మట్టితో పని కానిస్తారు. చేప పాడవుతుంది, లేదంటే ఒడ్డునే కుళ్లిపోతుంది. ఆ తర్వాతి ఏళ్లలో మద్రాసు ప్రభుత్వం తీరంలో ఫిష్ క్యూరింగ్ యార్డులు పెట్టింది. అక్కడ పన్ను లేని ఉప్పు ఇస్తారు. కానీ చేప తెచ్చి ఆ ఆవరణలోనే ఉప్పు పట్టించాలి. ఆ ఉప్పు ఇంటికి తీసుకుపోకూడదు. యార్డు పక్కనే ఉన్నవాడికి మేలే. మరి ఇంట్లో నాలుగు చేపలు మిగిలిన ఆవిడ సంగతి? ఆమె పన్ను కట్టిన ఉప్పే కొనాలి.

ఇప్పుడు స్కూల్లో చదువుకున్న పాఠం గుర్తు తెచ్చుకోండి. 1930 మార్చి 12న గాంధీజీ సబర్మతి నుంచి బయల్దేరి ఏప్రిల్ 6న దండిలో ఉప్పు తీశారు. మనం పరీక్ష కోసం తేదీలు బట్టీ పట్టాం. ఉప్పే ఎందుకు అని ఎవరూ అడగలేదు. అప్పట్లో పెద్ద నాయకులు కొందరికి కూడా ఇది చిన్న విషయంగానే కనిపించింది. కానీ ప్రతి వంటింట్లో ప్రతి ఆడమనిషికీ ఆ సంగతి అర్థమైంది. మన నెల్లూరు జిల్లాలో మైపాడు తీరంలోనూ ఉప్పు సత్యాగ్రహం జరిగింది. 1931 మార్చి 5న గాంధీ-ఇర్విన్ ఒప్పందం కుదిరింది. ఉప్పు దొరికే చోట ఉండే పల్లెలవాళ్లు ఇంటి వాడకానికి, ఆ పల్లెల్లోనే అమ్ముకోడానికి ఉప్పు తీసుకోవచ్చని అందులో ఒప్పుకున్నారు. చివరికి 1947 ఏప్రిల్ 1 నుంచి, స్వాతంత్ర్యానికి నాలుగు నెలల ముందు, ఉప్పు పన్ను ఎత్తేశారు.

సో, ఈ కథలో నాకు అర్థమైంది ఏంటంటే, పొదుపుగా వండటం అవ్వ తెలివి ఒక్కదానితోనే అయ్యే పని కాదు. ఆ తెలివి పనిచేయాలంటే చేతికి ఉప్పు అందాలి. "పేదవాళ్లకి పొదుపు తెలీదు" అని ఎవరైనా తేలిగ్గా అంటే, ఒక్కసారి ఆ ఉప్పు లెక్క గుర్తు చేయండి. దాచుకునే విద్య ఉన్నవాళ్లకి దాచుకునే సరుకునే దూరం చేశారు, నూట నలభై ఏళ్లకి పైగా.

ఈరోజు కిలో ఉప్పు ప్యాకెట్ టీ రెండుసార్లు తాగే డబ్బుకి వస్తుంది. ఫ్రిజ్ ఉంది. అయినా మన ఫ్రిజ్‌లో సగం క్యాబేజీ నల్లబడి చెత్తలోకి పోతోంది. అవ్వ ఉంటే ఏమనేదో మీరే ఊహించుకోండి.

ఇక తమ్ముడికి చెప్పిన వంట. బేకన్‌ని చిన్న ముక్కలుగా కోయి. చల్లటి మూకుడులో వేసి సన్న సెగ పెట్టు, నూనె వద్దు, దాని కొవ్వే కరిగి వస్తుంది. ముక్కలు ఎర్రగా అయ్యాక ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, తర్వాత క్యారెట్, క్యాబేజీ. మగ్గాక రాత్రి అన్నం వేసి బాగా వేడెక్కేదాకా కలుపు. ఉప్పు ముందే వేయొద్దు, బేకన్‌లో చాలా ఉంటుంది, రుచి చూసి చివర్లో చూసుకో. ఇంకో మాట, ఇప్పటి బేకన్ మన ఎండు చేప లాంటిది కాదు, బయట పెడితే పాడవుతుంది. ప్యాకెట్ తెరిచాక ఫ్రిజ్‌లోనే పెట్టి వారంలోపు వాడేయాలి.

మర్నాడు వాడే ఫోన్ చేశాడు. "అన్నా, ముగ్గురికీ సరిపోయింది. కానీ ఏదో తక్కువైంది" అన్నాడు. ఏంట్రా అంటే, "పులుపు" అన్నాడు. నెల్లూరు నాలుక కదా, ఊరుకోదు. వచ్చేసారి దింపేముందు నిమ్మకాయ పిండమన్నాను.

మీ ఇంట్లో మిగిలినవాటితో ఏం వండేవాళ్లో మీ అవ్వనో అమ్మనో ఈరోజే అడగండి. వీలైతే ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.