ఫ్యాక్టరీ మూతపడ్డాక మళ్ళీ బడికి - అమెరికాలో కార్మికుల పునఃశిక్షణ

విదేశీ దిగుమతుల వల్ల ఉద్యోగం పోయినవారికి కొత్త పని నేర్పించే బాధ్యతను అమెరికా ప్రభుత్వం 1962లో తలకెత్తుకుంది. కెన్నెడీ హయాంలో వచ్చిన వాణిజ్య విస్తరణ చట్టంలో ఈ ఏర్పాటు ఉంది. ఇదే ట్రేడ్ అడ్జస్ట్‌మెంట్ అసిస్టెన్స్, పొట్టిగా టీఏఏ. నిబంధనలు ఎంత బిగుతుగా ఉన్నాయంటే, 1969 దాకా ఒక్క కార్మికుడికీ సాయం దక్కలేదు. 1974 చట్టంతో గానీ తలుపులు తెరుచుకోలేదు.

ఒకేచోట పనిచేసిన ముగ్గురు కలిసి గానీ, యూనియన్ గానీ, యజమాని గానీ కార్మిక శాఖకు అర్జీ పెట్టుకునేవారు. మంజూరైతే శిక్షణ ఖర్చు ప్రభుత్వానిదే. నిరుద్యోగ భృతి అయిపోయాక కూడా, చదువుకుంటున్నవారికి కొంతకాలం వారంవారం డబ్బు వచ్చేది. 50 దాటినవారు తక్కువ జీతానికి చేరితే పాత జీతానికీ కొత్తదానికీ ఉన్న తేడాలో సగం, ఒక పరిమితి మేరకు, రెండేళ్ళపాటు ఇచ్చేవారు.

మనవాళ్ళకు తగిలిన మెలిక ఒకటుంది. ఈ సాయం "వస్తువు" తయారుచేసేవారికే. ప్రోగ్రాం రాయడం వస్తువు తయారీ కాదంటూ, పని విదేశాలకు తరలిపోయిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల అర్జీలను చాలాకాలం తోసిపుచ్చారు. కోర్టు కేసుల తర్వాత 2006లో కార్మిక శాఖ మెత్తబడింది. 2009లో సేవారంగాన్నీ చట్టంలోకి తెచ్చారు.

ఇంతకీ శిక్షణ ఫలించిందా? విస్కాన్సిన్‌లోని జేన్స్‌విల్ సంగతి చూడండి. అక్కడి జనరల్ మోటార్స్ కర్మాగారంలో 2008 డిసెంబరు 23న చివరి ఎస్‌యూవీ బయటికొచ్చింది. చాలామంది దగ్గర్లోని బ్లాక్‌హాక్ టెక్నికల్ కాలేజీలో చేరారు. కొందరికి కంప్యూటర్ ఆన్ చేయడమే రాదు! పాత్రికేయురాలు ఏమీ గోల్డ్‌స్టీన్ 2017లో వెలువరించిన పుస్తకంలో లెక్కలు తీస్తే, కాలేజీకి వెళ్ళినవారికంటే వెళ్ళనివారికే ఎక్కువ ఉద్యోగాలు దొరికాయి, జీతాలూ వారివే మెరుగు. నేర్పింది తప్పని నేననను. ఊళ్ళో కొలువులే లేనప్పుడు సర్టిఫికెట్ ఏం చేస్తుంది? కొందరు పాత పనినే పట్టుకుని నాలుగున్నర గంటల దూరంలోని ఫోర్ట్ వేన్ ప్లాంటుకు వెళ్ళి, వారాంతాల్లో ఇంటికొచ్చేవారు. సోమవారం పొద్దున్నే విమానమెక్కే మన కన్సల్టెంట్లకు ఈ బతుకు వివరించనక్కర్లేదు.

2022 జులై 1 నుంచి టీఏఏ కింద కొత్త అర్జీలను మంజూరు చేయడం ఆగిపోయింది. అప్పటికే మంజూరైనవారికి మాత్రం సాయం సాగింది. మిగిలిన ప్రధాన దారి 2014 నాటి వర్క్‌ఫోర్స్ చట్టం. దిగుమతులతో నిమిత్తం లేకుండా, లేఆఫ్ అయినవారు ఈ చట్టం కింద అమెరికన్ జాబ్ సెంటర్‌లో శిక్షణకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫీజు కట్టకముందే అడగండి, ముందు చేరిపోయి తర్వాత అడిగితే కష్టం. హెచ్-1బి మీద ఉన్నవారికి ఉద్యోగం పోయాక గడువు గరిష్ఠంగా 60 రోజులే కాబట్టి, నెలల తరబడి సాగే ఈ కోర్సులు వారికి అక్కరకు రావు. నేర్చుకునేదేదో ఉద్యోగంలో ఉండగానే నేర్చుకోవాలి.