దుర్ముఖియా, హేవిలంబియా? – లాల్‌దర్వాజా నేపథ్యంలో చేతిఫోను, తెలుగు రాత

గడచిన దశాబ్దంలో సామాన్యుల చేతిలోని సాంకేతికతను అన్నింటికంటె ఎక్కువగా మార్చిన సంవత్సరం ఏది అన్న ప్రశ్నకు సాధారణంగా వినవచ్చే సమాధానం 2016. ధరలను, వ్యాప్తిని మాత్రమే కొలమానంగా తీసుకొంటే ఆ సమాధానాన్ని కాదనడం కష్టం. సాహిత్య విద్యార్థికి మాత్రం ఈ ప్రశ్న మరొక రూపంలో ఎదురవుతుంది. తెలుగు మాట, పాట, రాత ఏ ఏడాది ఈ పరికరంలో ప్రవేశించి తమ స్వరూపాన్ని మార్చుకొన్నాయి? ఈ ప్రశ్నను హైదరాబాదు పాతబస్తీలోని లాల్‌దర్వాజాను ఆధారం చేసుకొని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. చార్మినారుకు దక్షిణంగా, శాలిబండకు చేరువలో ఉన్న ఈ పేటలో సింహవాహిని మహంకాళి బోనాల మూలంగా పాట నేటికీ సజీవంగా ఉన్నది. అంతేకాక ఇంట తెలుగు, బజారులో దక్కనీ ఉర్దూ మాట్లాడి, బడిలో మరొక భాషలో చదువుకొన్నవారు పాతబస్తీలో అరుదు కారు. తెలుగు నోటికి వచ్చి చేతికి రానివారి సంగతి మన సాహిత్య చరిత్రల్లో దాదాపు కనబడదు. ఈ పేటను ఎంచుకోవడానికి అసలు కారణం అదే.

ముందుగా కాలవిభజనను గురించి ఒక మాట. కందుకూరి వీరేశలింగం ఆంధ్రకవుల చరిత్రను కవుల వరుసలో చెప్పారు. ఆరుద్ర సమగ్రాంధ్ర సాహిత్యాన్ని రాజవంశాల పేర్లతో విభజించారు. కవిత్వానికి ఒక రాజు పేరు పెట్టడం సమ్మతమైనప్పుడు, ఒక టెలిఫోను సంస్థ ధరల పట్టికను బట్టి ఒక కాలాన్ని గుర్తించడం అంతకంటె ఎబ్బెట్టు ఏమీ కాదు. అయినా ఆ కాలాన్ని జనవరి నుంచి డిసెంబరు వరకు లెక్కించి తీరవలసిన నియమం లేదు. పాతబస్తీ ఏళ్లను గుర్తుంచుకొనే పద్ధతి వేరు. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదను ‘తుగ్యానీ’ అనే వ్యవహరించారు. ఆ వరద వేళ ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ లాల్‌దర్వాజా అమ్మవారికి మొక్కు సమర్పించాడన్న కథనం స్థల సంప్రదాయంలో నిలిచి ఉన్నది. ఉపద్రవాన్ని, పండుగను బట్టి ఏడాదిని లెక్కించే చోట తెలుగు సంవత్సరమే మెరుగైన కొలత కావచ్చు.

ఆ కొలతతో చూస్తే ఒక విశేషం బయటపడుతుంది. దుర్ముఖి నామ సంవత్సరం 2016 ఏప్రిల్ 8న మొదలైంది. సరిగా మూడు రోజులకు, ఏప్రిల్ 11న, జాతీయ చెల్లింపుల సంస్థ యూపీఐని ఆవిష్కరించింది. సెప్టెంబరు 5న వినాయక చవితి. జియో 4జీ సేవ వాణిజ్యపరంగా ఆరంభమైనదీ ఆ రోజే. నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు రద్దయి, విలువలో దేశపు నగదులో 86 శాతం చెల్లకుండా పోయింది. డిసెంబరు 30న భీమ్ యాప్ వచ్చింది. జియో ఉచిత సేవల గడువు 2017 మార్చి 31తో ముగిసింది. అప్పటికి హేవిలంబి ఉగాది గడిచి రెండు మూడు రోజులే. ఆంగ్ల సంవత్సరం ఈ ఘటనల వరుసను మధ్యలో తెంచుతుంది. దుర్ముఖి దాదాపు మొత్తాన్ని తనలో ఇముడ్చుకొంటుంది.

ఇక ధర. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కల ప్రకారం ఒక జీబీ డేటాకు 2014లో సగటున 269 రూపాయలు పడగా, 2018 నాటికి అది 12 రూపాయలకు లోపే. ఈ పతనం పాట మీద చూపిన ప్రభావం చిన్నది కాదు. బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యంపై పరిశోధించిన కాలంలో పాట దొరకాలంటే గాయకుల ముంగిటికి వెళ్లవలసిందే. తరువాత క్యాసెట్టు వచ్చింది. ఉత్తర భారతంలో అది స్థానిక సంగీతానికి ఎటువంటి కొత్త మార్కెట్టును కల్పించిందో పీటర్ మాన్యుయల్ 1993లో వెలువరించిన ‘క్యాసెట్ కల్చర్’ గ్రంథంలో వివరించారు. క్యాసెట్టు చవకదే, కాని దానికి నిర్మాత, దుకాణం, పెట్టుబడి కావాలి. 2016 ఆషాఢంలో బోనాల పాటను ఫోనులో చిత్రించినవారికి దాన్ని యూట్యూబులో ఎక్కించడం ఖర్చుతో కూడిన పని. 2017 ఆషాఢం నాటికి ఎక్కించడమూ, చూడడమూ రెండూ లెక్కలోకి రాని ఖర్చులయ్యాయి. రెండు బోనాల నడుమ పాటకు ప్రచురణకర్త అవసరం తప్పిపోయింది. దుర్ముఖి గొప్పతనం ఇక్కడ ఉన్నది.

అయితే ఇది వినడం, చూడడం వరకే. రాత సంగతి వేరు. తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దక్కింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఖతి వచ్చింది. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 తెలుగును ఫోను వ్యవహార భాషల్లో చేర్చింది. అంటే సాధనం చాలాకాలంగా సిద్ధమవుతూనే ఉన్నది. అయినా మీటలు వెతికి ఒత్తులు, గుణింతాలు కూర్చడం లిపి బాగా తెలిసినవారికే విసుగు పుట్టించే పని. తక్కినవారు రోమను లిపిలోనే తెలుగు రాసుకొన్నారు. (ఇక్కడ విశ్వవిద్యాలయాలవారు గర్వించవలసినదేమీ లేదు. మన సిద్ధాంత గ్రంథాలు, పత్రికలు ఎన్నో అను ఖతుల్లో కూర్చినవే. వాటి సంకేత వ్యవస్థ యూనికోడ్ కాదు కాబట్టి యంత్రానికి అవి తెలుగుగా కనబడవు. ఫోనులో ఎవరో యూనికోడ్‌లో రాసిన రెండు వాక్యాలను వెతికి పట్టుకోవచ్చు, అను ఖతుల్లో కూర్చిన మూడు వందల పుటల గ్రంథాన్ని పట్టుకోలేము.)

లిపి రానివారు ఏం చేశారు? వాట్సాప్ 2013లో ప్రవేశపెట్టిన స్వర సందేశాన్ని ఆశ్రయించారు. వాల్టర్ ఆంగ్ 1982లో వివరించిన ద్వితీయ మౌఖికతకు ఇది చక్కని ఉదాహరణగా తోస్తుంది. కాని ఆ మాట మాటగానే ఉండిపోతుంది. దాన్ని చదవలేము, వెతకలేము, ఉటంకించలేము. 2017 ఆగస్టు 14న గూగుల్ తన స్వర లేఖన సౌకర్యాన్ని తెలుగుతో సహా ఎనిమిది భారతీయ భాషలకు విస్తరించింది. వాటిలో ఉర్దూ కూడా ఉన్నది. పాతబస్తీలో పక్కపక్కన బతికే రెండు భాషలకు ఒకే రోజున ఈ వీలు దక్కింది. చదవడం వచ్చీ రాక, రాయడం అసలే రానివారు సైతం నోటితో పలికి తెలుగు అక్షరాలు పుట్టించగలిగారు. లిపి అభ్యాసానికీ రచనకూ ఉన్న తప్పనిసరి ముడి తెలుగులో మొదటిసారి సడలినది ఇప్పుడే. పూర్వం లేఖకుడికి చెప్పి రాయించుకొన్నవారు లేరా అంటే ఉన్నారు. కాని ఆ లేఖకుడు ఇంకొక మనిషి. ఇంటి గుట్టు అతనికి చెప్పాలి, అతని తీరిక చూసుకోవాలి.

హేవిలంబిలో తక్కిన ఘటనలు కూడా భాష చుట్టూనే తిరగడం గమనార్హం. ఆ ఏడాది నవంబరులో ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాష చేసే బిల్లును తెలంగాణ శాసనసభ ఆమోదించింది. డిసెంబరు 15 నుంచి 19 వరకు హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ రూపంలోని ఒక అక్షర కూర్పు ఐఫోన్లలో సందేశాల యాప్‌లను స్తంభింపజేసింది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 ద్వారా దాన్ని సవరించవలసి వచ్చింది. మహాసభల ఉపన్యాసాల కంటె ఈ ఒక్క సంయుక్తాక్షరమే తెలుగు ఉనికిని ప్రపంచానికి గట్టిగా చాటిందంటే అతిశయోక్తి కాబోదు.

కనుక వ్యాప్తి దృష్టితో దుర్ముఖినీ, భాష దృష్టితో హేవిలంబినీ నిర్ణాయక సంవత్సరాలుగా భావిస్తున్నాను. రెండింటిలో ఒకదానినే ఎంచవలసి వస్తే నా మొగ్గు హేవిలంబి వైపే. చవక డేటా దేశంలో అన్ని భాషలవారికీ ఒకే రీతిగా అందిన మేలు. నోటి మాట అక్షరం కావడం మాత్రం, లిపికి దూరమైన తెలుగువారున్న లాల్‌దర్వాజా వంటి చోట మరింత బరువైన మార్పు. 2020లో కరోనా మూలంగా బోనాలను ఇళ్లలోనే జరుపుకోవలసి రావడం, ఉత్సవం తెరమీదికి చేరడం పెద్ద మలుపేనని వాదించవచ్చు. అయితే ఆ తెర అప్పటికే ప్రతి ఇంటా ఉండబట్టే అది సాధ్యమైంది.

ఈ మార్పులో నష్టం లేదని నా అభిప్రాయం కాదు. యంత్రం తనకు తెలిసిన పదాలలోంచే ఎంచుకొంటుంది. ‘ఏడికి వోతున్నవ్’ అని పలికినదాన్ని అది ‘ఎక్కడికి పోతున్నావ్’ అని దిద్దితే, దక్కనీ కలిసిన పాతబస్తీ తెలుగు మొదటిసారి లిఖితమయ్యే వేళలోనే మాసిపోతుంది. పత్రికాభాష ఒకప్పుడు మాండలికానికి చేసిన పనినే ఇది మరింత నిశ్శబ్దంగా చేయగలదు. మాట్లాడినవారికి తమ మాట మారినట్లు కూడా తెలియకపోవచ్చు. తెలంగాణ మాండలిక నిఘంటుకారులు ఇక మీదట లిఖిత ఆధారాన్ని స్వీకరించేటప్పుడు అది చేతితో రాసినదా, నోటితో రాయించినదా అని విచారించక తప్పదు.

పై ప్రతిపాదనను పరీక్షించే మార్గం ఒకటి ఉన్నది. యూట్యూబు ప్రతి వీడియోకూ ఎక్కించిన తేదీని చూపుతుంది. 2016, 2017, 2018 ఆషాఢ మాసాలలో లాల్‌దర్వాజా బోనాలపై చేరిన వీడియోల శీర్షికలను, వాటి కింది వ్యాఖ్యలను సేకరించి, రోమను లిపిలోని తెలుగు ఎంత, తెలుగు లిపిలోనిది ఎంత అని లెక్కించాలి. వ్యాఖ్య తేదీ శీర్షిక తేదీకి భిన్నం కావచ్చు కనుక రెండింటినీ వేరుగా నమోదు చేయాలి. తెలుగు లిపి వాటా 2016, 2017 ఆషాఢాల నడుమనే గణనీయంగా పెరిగినట్లు తేలితే నా వాదన వీగిపోయి, దుర్ముఖి గెలుస్తుంది. 2018 ఆషాఢంలో పెరిగినట్లు కనబడితే హేవిలంబి నిలుస్తుంది.