కొన్న ఆట ఎవరి చేతిలో ఉంది? తాళాల వ్యాపారం, లినక్స్ వాడుకదారుల నమ్మకం

1

సరుకు అమ్మడమంటే దాన్ని కొన్నవాడికి వదిలిపెట్టడం. పుస్తకం అచ్చువేసి అమ్మిన ప్రచురణకర్తకు ఆ ప్రతి మీద ఆ తర్వాత ఏ అధికారమూ ఉండదు. కొన్నవాడు దాన్ని పదిసార్లు చదువుకోవచ్చు, మిత్రుడికి ఎరువివ్వవచ్చు, పాత పుస్తకాలవాడికి అమ్ముకోవచ్చు, చివరికి పిల్లలకు వదిలిపోవచ్చు. కాపీరైటు రచయితది, ప్రతి పాఠకుడిది. ముద్రణ యుగమంతా ఈ విభజన మీదనే నడిచింది. మన గ్రంథాలయాలు నిలబడిందీ దీని మీదనే.

సంస్కృతిని కంప్యూటర్ల ద్వారా అమ్మడం మొదలయ్యాక పెట్టుబడి ఈ విభజనను చెరిపివేసింది. పాట, సినిమా, పుస్తకం అన్నిటిలోనూ ఈ పరిణామం జరిగింది. అయితే కంప్యూటర్ ఆటల వ్యాపారంలో అది చాలా బాహాటంగా జరిగింది. ఆటలతో సాహిత్య విద్యార్థికి ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. ఆట కూడా ఈనాడు కథ చెప్పే ఒక రూపమే. అంతకంటే ముఖ్యమైన కారణం మరొకటుంది. రచనకూ పాఠకుడికీ మధ్య నిలబడ్డ అమ్మకందారు ఎంత అధికారాన్ని చేజిక్కించుకోగలడో, జనం దానికి ఏ మేరకు ఎదురునిలవగలరో ఈ చరిత్ర మనకు చూపిస్తుంది. ఇందులో లినక్స్ వాడుకదారులు సంఖ్యలో అతి స్వల్పులు. ఐనా అంగడివాణ్ణి ఎంతవరకు నమ్మవచ్చు అనే ప్రశ్నను పట్టుబట్టి అడిగినవాళ్ళలో వాళ్ళు ముందున్నారు. దానికి చారిత్రక కారణం ఉంది.

2

'డిజిటల్ హక్కుల నిర్వహణ' అన్నది వ్యాపారులు పెట్టిన పేరు. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో డి.ఆర్.ఎం. అది చేసే పని తాళం వేయడం. ఆట కొన్నవాడు దాన్ని తెరవాలంటే అమ్మినవాడి యంత్రాన్ని అనుమతి అడగాలి. తాళంచెవి అమ్మినవాడి దగ్గరే ఉంటుంది. 1998లో అమెరికా చేసిన డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం ఈ తాళానికి రాజ్యాన్ని కాపలా పెట్టింది. కొద్ది మినహాయింపులు తప్ప, తాళం తీయడమే చట్టవిరుద్ధమైంది. లోపలి వస్తువును మీరు న్యాయంగా కొన్నారా లేదా అన్న ప్రశ్న పక్కకు పోయింది.

లినక్స్ ఇందుకు సరిగ్గా వ్యతిరేకమైన సూత్రం మీద పుట్టింది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రణాళిక, 1991లో ఫిన్లండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ విడుదల చేసిన లినక్స్, ఈ రెండూ కలిసి ఏర్పడిన వ్యవస్థ అది. దాని సోర్స్ కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. యంత్రం లోపలి పనిని వాడుకదారు చూడగలిగిన చోట రహస్యంగా తాళం దాచడం కష్టం. కొనేవాళ్ళూ తక్కువే. అంచేత తాళాల వ్యాపారులు అటువైపు చూడలేదు. 1999లో నార్వేలో 15 ఏళ్ళ యోన్ యోహన్సెన్ మరి కొందరితో కలిసి డి.వి.డి. తాళాన్ని తీసే ప్రోగ్రామును వెలువరించాడు. డబ్బిచ్చి కొన్న డి.వి.డి.ని లినక్స్ మీద చూసుకోవడానికి వేరే దారి లేదన్నది అతని వాదన. ప్రభుత్వం కేసు పెట్టింది. 2003లో కింది కోర్టూ, అప్పీలు కోర్టూ అతన్ని నిర్దోషి అన్నాయి. కాని అమెరికాలో అదే ప్రోగ్రామును ప్రచురించిన పత్రిక 2000లోనే కోర్టులో ఓడిపోయింది. కొన్న వస్తువు కూడా తమది కాకుండా పోగలదని లినక్స్ వాడుకదారులు మొదట నేర్చుకున్నది ఇలాంటి అనుభవాల నుంచే.

3

ఆటల విషయంలో వాళ్ళకు మరో అనుభవం ఉంది. ఐడీ సాఫ్ట్‌వేర్ సంస్థ 1993లో విడుదల చేసిన 'డూమ్' ఆట సోర్స్ కోడ్‌ను 1997 చివర్లో జాన్ కార్మాక్ బయటపెట్టాడు. బయటపెట్టింది ఆ ఆట లినక్స్ రూపాన్నే. 1999లో దాన్ని స్వేచ్ఛా లైసెన్సు కిందకు తెచ్చారు. ఈనాటికీ ఆ ఆట నడవని యంత్రం అరుదు. అమ్మకం ముగిసిన తర్వాత ఒక రచన ప్రజల చేతిలో ఎలా బతుకుతుందో దీనివల్ల తెలిసింది.

1998లో కాలిఫోర్నియాలో స్కాట్ డ్రేకర్ స్థాపించిన లోకీ సాఫ్ట్‌వేర్ కథ దీనికి జోడు. విండోస్ ఆటలను లినక్స్‌కు మార్చి పెట్టెల్లో అమ్మడం ఆ సంస్థ పని. అసలు ఆట వచ్చిన ఎన్నో నెలలకు లినక్స్ రూపం వచ్చేది. ఓపిక పట్టలేనివాళ్ళు విండోస్ ప్రతినే కొనేవాళ్ళు. 2001 ఆగస్టులో లోకీ దివాలా కోర్టుకెక్కింది. 2002 జనవరిలో మూతపడింది. సంస్థ పోయినా, అక్కడి ఉద్యోగి శామ్ లాంటింగా రాసిన ఎస్.డి.ఎల్. అనే స్వేచ్ఛా గ్రంథాలయం మిగిలింది. తర్వాతి రెండు దశాబ్దాల్లో లినక్స్ మీద వచ్చిన ఆటల్లో అత్యధిక భాగానికి అది పునాది. సంస్థలు పోతాయి, చేతిలో ఉన్నది మిగులుతుంది అన్న పాఠం లినక్స్ వాడుకదారులకు ఇక్కడ రెండోసారి అందింది.

4

2003లో వాల్వ్ సంస్థ స్టీమ్ అనే అంగడిని తెరిచింది. 2004 నవంబరులో వచ్చిన 'హాఫ్-లైఫ్ 2'ను పెట్టెలో కొన్నవాళ్ళు కూడా స్టీమ్ ఖాతా తెరవక తప్పలేదు. 2008లో వచ్చిన 'స్పోర్' ఆటను మొదట మూడు కంప్యూటర్లలోనే ఎక్కించుకోనిచ్చారు. కోపంతో కొనుగోలుదారులు అమెజాన్‌లో ఆ ఆటకు వేలకొద్దీ ఒంటి చుక్కలు వేశారు. 2010 మార్చిలో ఉబిసాఫ్ట్ సర్వర్ల మీద దాడి జరిగి అవి పడిపోయినప్పుడు, డబ్బిచ్చి కొన్నవాళ్ళు తమ ఇళ్ళలో ఒంటరిగా ఆడే ఆట కూడా ఆడలేకపోయారు. దొంగ ప్రతి సంపాదించినవాడి ఆటకు మాత్రం సర్వరుతో పని లేదు. నిజాయితీకి శిక్ష, దొంగతనానికి సౌకర్యం: ఇదీ తాళం సృష్టించిన వైరుధ్యం.

ఈ వైరుధ్యం నుంచే తాళం లేని అంగడి పుట్టింది. అది పుట్టిన చోటు పోలండ్ కావడం యాదృచ్ఛికం కాదు. 1994 కాపీరైట్ చట్టం వచ్చేదాకా అక్కడ సాఫ్ట్‌వేరుకు స్పష్టమైన రక్షణ లేదు. వార్సా బజార్లలో నకలు ప్రతులే అసలు వ్యాపారం. అదే సంవత్సరం మార్చిన్ ఇవిన్‌స్కీ, మీహావ్ కిచిన్‌స్కీ అనే ఇద్దరు యువకులు సి.డి. ప్రొయెక్ట్ స్థాపించారు. 1999లో 'బాల్డర్స్ గేట్' ఆటను పోలిష్ భాషలోకి తెచ్చి, పటం, నియమాల పుస్తకం, సంగీతం సి.డి. కలిపి పెట్టెలో అమ్మారు. మొదటి రోజే 18,000 ప్రతులు పోయాయి. దొంగ ప్రతితో పోటీపడాలంటే అసలు ప్రతి దానికంటే మెరుగ్గా ఉండాలని వాళ్ళకు బజారు నేర్పింది. 2008లో వాళ్ళు తెరిచిన గాగ్ అంగడి ఈ లెక్క మీదే నడిచింది. పాత ఆటలు, తక్కువ ధర, తాళం లేదు. ఒకసారి దించుకుంటే ఎవరినీ అడగనక్కర్లేదు. ఇది ఆదర్శం నుంచి కాక మార్కెట్ లెక్క నుంచి వచ్చిన విధానం. దాన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆదర్శమని భ్రమపడినవాళ్ళు తర్వాత ఎందుకు నొచ్చుకున్నారో అర్థం కావడానికి అంటున్నాను.

5

2010 మే నెలలో అమెరికాలో మొదటి హంబుల్ ఇండీ బండిల్ వచ్చింది. ఐదు చిన్న ఆటలు, కొనేవాడు తోచినంత ఇవ్వవచ్చు, తాళం లేదు, విండోస్, మాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తాయి, వచ్చిన దాంట్లో కొంత ధర్మకార్యాలకు. 12 లక్షల డాలర్లు దాటి వసూలయింది. సగటున లినక్స్ వాడుకదారులు విండోస్ వాడుకదారులకంటే దాదాపు రెట్టింపు ఇచ్చారు. ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు దేనికీ డబ్బివ్వరన్న అపవాదు ఆ ఒక్క నెలలో తేలిపోయింది. మొత్తం 10 లక్షలు దాటాక నాలుగు ఆటల కర్తలు సోర్స్ కోడ్‌నూ బయటపెట్టారు. మరోవైపు, ఒక్క సెంటుకే దొరికే ఈ ఆటల్ని కూడా నాలుగో వంతు మంది ఊరికే దించుకున్నారని నిర్వాహకులే అంచనా కట్టారు. తాళం తీసేస్తే జనం సజ్జనులైపోతారని ఎవరూ చెప్పలేరు. తాళం వేసినంతమాత్రాన దొంగ ప్రతులు ఆగిపోయిందీ లేదు. తాళం వేసిన 'స్పోర్' విచ్చలవిడిగా నకలైంది. తాళం లేకుండా గాగ్‌లో అమ్మిన 'విచర్ 3' అన్ని అంగళ్ళలో కలిపి 2023 నాటికి 5 కోట్ల ప్రతులు దాటింది. తాళం లేకపోతే రచయిత పస్తులుంటాడన్న వాదనకు ఈ చరిత్రలో ఆధారం దొరకదు.

ఇక్కడినుంచి నమ్మకం తరిగిపోయిన కథ. హంబుల్ 2012లో ఒక పెద్ద సంస్థ ఆటల్ని విండోస్‌కు మాత్రమే, స్టీమ్ తాళంతో అమ్మింది. 2017లో హంబుల్‌నే జిఫ్ డేవిస్ కింద ఉన్న ఐ.జి.ఎన్. కొనేసింది. 2022 ఆరంభంలో తన చందాదారుల ఆటల కొట్టులోంచి మాక్, లినక్స్ రూపాలను తీసేసింది. 2011లో లినక్స్ వాళ్ళకోసం అంగడి తెరిచిన దెసురా రెండుసార్లు చేతులు మారి, ఆటల కర్తలకు బాకీపడి, 2015లో దివాలాతో ముగిసింది. గాగ్ సంగతి చూస్తే, పాత డాస్ ఆటలను నడిపించడానికి అది వాడుకున్న డాస్‌బాక్స్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. ఐనా లినక్స్‌కు చోటివ్వడానికి 2014 జులై దాకా ఆగింది. అదే ఏడు మే నెలలో వచ్చిన 'విచర్ 2' లినక్స్ రూపం మొదట్లో సరిగా నడవలేదు. 'విచర్ 3' లినక్స్‌కు వస్తుందన్న ప్రకటన స్టీమ్‌లో కనిపించింది. ఆ రూపం రానేలేదు. గాగ్ సొంత ఉపకరణం గెలాక్సీకి లినక్స్ రూపం కోసం వేలమంది ఓట్లు వేశారు. పదేళ్ళు గడిచినా అది రాలేదు. చివరికి లూట్రిస్, హీరోయిక్ వంటి పనిముట్లను వాడుకదారులే నిర్మించుకున్నారు.

ఈ ఆగ్రహాల మధ్య ఒక వాస్తవాన్ని గమనించాలి. 2010 సెప్టెంబరులో గాగ్ మూతపడినట్లు నటించి, కొద్ది రోజులకు కొత్త రూపంతో వచ్చి, తర్వాత క్షమాపణ చెప్పింది. ఆ కొద్ది రోజులూ భయపడినవాళ్ళు ఎవరు? కొని, దించుకోకుండా అంగడిలోనే ఉంచినవాళ్ళు. ఆటను తమ డిస్కులో దాచుకున్నవాళ్ళకు అంగడివాడు నటిస్తున్నాడా, నిజంగా పోయాడా అన్న చింత లేదు. దెసురా విషయంలోనూ ఇంతే, హంబుల్ విషయంలోనూ ఇంతే. అంటే తాళం లేని ఆట ఇచ్చే అసలు లాభం అంగడివాడి మంచితనంలో లేదు. అతని మంచితనం మీద ఆధారపడనక్కర్లేకపోవడంలో ఉంది.

6

ఇప్పుడొక కొత్త వైరుధ్యం ముందుకొచ్చింది. లినక్స్ మీద ఆటలకు అందరికంటే ఎక్కువ చేసింది వాల్వ్. మైక్రోసాఫ్ట్ 2012లో విండోస్‌లోనే సొంత అంగడి పెట్టేసరికి ఈ సంస్థకు తన భవిష్యత్తు మీద బెంగ పుట్టింది. 2013లో లినక్స్‌కు స్టీమ్ వచ్చింది. 2015 నాటి స్టీమ్ మెషీన్లు విఫలమయ్యాయి. 2018లో వచ్చిన ప్రోటాన్, 2022లో వచ్చిన స్టీమ్ డెక్ మాత్రం పరిస్థితిని మార్చాయి. 2025 చివర్లో వాల్వ్ సొంత సర్వేలోనే లినక్స్ వాటా 3 శాతం దాటింది. ప్రోటాన్‌కు ఆధారం 1993 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు పెంచిన వైన్. లోకీ వదిలిపోయిన ఎస్.డి.ఎల్. కూడా ఇక్కడ పనికొచ్చింది. లాంటింగా వాల్వ్‌లోనే చేరాడు. స్వేచ్ఛా శ్రమ మీద నిలబడి, వాల్వ్ అమ్మేది మాత్రం అనుమతిని. తాళం వేసి తీరాలని అది ఎవరినీ నిర్బంధించదు, నిజమే. ఐనా అక్కడి ఆటల్లో చాలావాటికి స్టీమే గుమ్మం. ఒకప్పుడు తాళానికి రెట్టింపు డబ్బుతో జవాబు చెప్పినవాళ్ళు నేడు సౌకర్యం కోసం ఆ గుమ్మం ముందు నిలబడుతున్నారు. వాళ్ళను నిందించి లాభం లేదు. ఫైలు అమ్మినవాడు లినక్స్‌ను పట్టించుకోలేదు. లినక్స్‌ను పట్టించుకున్నవాడు ఫైలు అమ్మలేదు.

నమ్మకం అనే మాటలోనే ఒక మోసం దాగి ఉంది. హక్కు ఉన్న చోట నమ్మకంతో పని లేదు. మన ఇంటి పుస్తకం రేపు ఉంటుందా అని ప్రచురణకర్తను మనం నమ్మనక్కర్లేదు. 2024 మార్చి 31న ఉబిసాఫ్ట్ 'ది క్రూ' ఆట సర్వర్లను ఆపేసింది, ఆ తర్వాత కొన్నవాళ్ళ లైసెన్సులను రద్దు చేసింది. దానికి ప్రతిస్పందనగా ఐరోపాలో సాగిన పౌర విజ్ఞాపనకు 2025లో 10 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి అమలైన చట్టం ప్రకారం, లైసెన్సు మాత్రమే ఇస్తూ ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అని రాయడం కుదరదు. శాశ్వతంగా దించి దాచుకోగలిగే వస్తువులకు ఆ నిబంధన వర్తించదు. తాళం లేని ప్రతే నిజమైన అమ్మకమని చట్టం మొదటిసారి పరోక్షంగా ఒప్పుకున్న సందర్భమిది. మన దేశంలో 2012 సవరణతో వచ్చిన కాపీరైట్ చట్టం 65ఏ సెక్షన్ కూడా తాళం పగలగొట్టడాన్ని నేరం చేసింది. అయితే హక్కులను ఉల్లంఘించే ఉద్దేశం ఉండాలని షరతు పెట్టింది. అమెరికా చట్టంకంటే ఇది మెరుగు. ఆ షరతును కాపాడుకోవడం మన బాధ్యత.

ఆటల్లో జరిగింది పుస్తకాల్లో జరగదని అనుకోవడానికి వీల్లేదు. 2009 జులైలో అమెజాన్, కొన్నవాళ్ళ కిండిల్ యంత్రాల్లోంచి ఆర్వెల్ '1984' ప్రతులను చెప్పకుండా తుడిచేసింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన పుస్తకాల అంగడిని మూసి, కొన్న పుస్తకాలన్నిటినీ తెరవరాకుండా చేసింది. డబ్బు తిరిగిచ్చారు, నిజమే, పుస్తకం ఇవ్వలేదు. పోలీసులు జప్తు చేసిన అచ్చుపుస్తకం ఏ అటక మీదో, ఏ ట్రంకుపెట్టె అడుగునో ఒక్క ప్రతైనా మిగిలేది. అనుమతిగా మాత్రమే ఉన్న పుస్తకానికి అటక లేదు. కనుక మన కథలు, కవితలు ఎలక్ట్రానిక్ పుస్తకాలుగా వెలువడేటప్పుడు రచయిత తన రాయల్టీ ఎంత అని అడగడంతో ఆగకూడదు. ఈ అంగడి రేపు మూతపడితే నా పాఠకుడి చేతిలో ఏం మిగులుతుంది అని కూడా ఒప్పందం మీద సంతకం పెట్టేముందే అడగాలి. తాళం లేని ప్రతి ఇస్తామని కాగితం మీద రాయించుకోవాలి.